డొక్కా సీతమ్మ

ధవళేశ్వరము దాటిన పిదప గోదావరి పాయలుగా చీలి సముద్రమును చేరును. ఆ పాయల నడుమనున్న పచ్చని సీమయే కోనసీమ. అందు వైనతేయ నదీతీరమున లంకల గన్నవరమను గ్రామము కలదు. నేడు వంతెనలున్నవి గాని, నూటయేబది యేండ్లకు పూర్వము లంక గ్రామముల వారికి ఏరు దాటుటకు పడవయే శరణ్యము. వరద దినములలో ఆ పడవ యెప్పుడు దొరకునో తెలియదు. బాటసారి ఒడ్డు చేరునప్పటికి ప్రొద్దు క్రుంకవచ్చును, అర్ధరాత్రియు కావచ్చును. అట్టివారికి గన్నవరమున ఏ వేళకైనను తలుపు తెరచు ఇల్లొకటి యుండెను. అది డొక్కా సీతమ్మ యిల్లు.

సీతమ్మ 1841లో మండపేటలో జన్మించెను. తండ్రి అనుపిండి భవానీశంకరము. వచ్చినవారికెల్ల అన్నము పెట్టుచుండుటచే ఊరివారాయనను బువ్వన్న యని పిలిచెడివారట. తల్లి గతించుటచే చిన్ననాడే వంటయింటి భారము సీతమ్మపై బడెను. లంకల గన్నవరము వాస్తవ్యుడైన డొక్కా జోగన్న ఒకనాటి మధ్యాహ్నము ఆ యింటికి అతిథిగా వచ్చి, ఆ బాలిక చూపిన ఆదరణకు సంతసించి, పిదప ఆమెను వివాహమాడెనని చెప్పుదురు.

జోగన్న భూవసతి గలవాడు. పొలమున పండిన ధాన్యము, ఇంటి పాడి, పెరటి కూరలు, ఇవియే సీతమ్మకు పెట్టుబడి. ఆమె వెనుక సంఘము లేదు, చందాలు లేవు. వచ్చినవారి కులమేదని ఆమె అడుగలేదు. అన్నదానమని నోటితో అనుట సులభమే. పదిమందికి వండి, అందరును తిని, పొయ్యి చల్లారిన పిమ్మట పదునొకండవవాడు వాకిట నిలిచినప్పుడు గదా కష్టము తెలియును! వానకాలమున కట్టెలు తడిసియుండును, ఒడలు అలసియుండును. అయినను మరల పొయ్యి రాజవలసినదే. ఆస్తి తరిగిపోవుచున్నను ఆమె ఆ పొయ్యిని ఆరనీయలేదు.

అంతర్వేదిలోని లక్ష్మీనరసింహస్వామిని దర్శింపవలెనని ఆమెకు చిరకాలపు కోరిక. ఇల్లు విడిచి పోవుటకు తీరికయే లేదు. ఎట్టకేలకు ఒకసారి బయలుదేరెను. దారిలో ఒకచోట విశ్రమించియుండగా, అటుగా పోవుచున్న పెండ్లివారి మాటలు ఆమె చెవిని బడెను. ఆకలికి ఏడ్చుచున్న పిల్లలను పెద్దలు ఊరడించుచు, గన్నవరము చేరినచో సీతమ్మ యింట అన్నము దొరకునని చెప్పుచుండిరి. ఆ మాట విన్న సీతమ్మ మరి ముందుకు సాగలేదు. వారికంటె ముందుగా ఇల్లు చేరి వంటకు పూనుకొనెను. ఈ వృత్తాంతమును కోనసీమలో నేటికిని చెప్పుకొందురు.

సప్తమ ఎడ్వర్డు పట్టాభిషేకమును పురస్కరించుకొని 1903 జనవరి 1న ఢిల్లీలో గొప్ప దర్బారు జరిగెను. ఆ సందర్భమున సీతమ్మకును ఆహ్వానము వచ్చెననియు, తాను పేరు కొరకు అన్నము పెట్టుట లేదని చెప్పి ఆమె వెళ్లలేదనియు ప్రతీతి. అధికారులు ఆమె ఛాయాచిత్రమును తీయించి పంపగా, దానిని ఆసనముపై నుంచి గౌరవించిరందురు. చిత్రము తీయించుకొనుటకును ఆమె సుముఖురాలు కాలేదట. ఆ దినమునను గన్నవరమున విస్తళ్లు పరచుట ఆగియుండదు.

1909లో సీతమ్మ పరమపదించెను. గన్నవరము వద్ద కాలువ నీటిని వైనతేయ మీదుగా దాటించు క్రొత్త అక్విడక్టునకు ఆమె పేరే పెట్టిరి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకును డొక్కా సీతమ్మ పేరు నుంచెను.