ఎవరికీ తలుపు మూయని సంఘము: క్లౌ దొరగారి జీవితము



మనము ఏ రాష్ట్రములో స్థిరపడినా, మన ఇళ్లలో ఒంగోలు పేరు వినిపిస్తూనే ఉంటుంది. క్లౌ దొరగారి పేరు తెలియని తెలుగు బాప్టిస్టు కుటుంబము అరుదు. 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారన్న మాట సండే స్కూలు పిల్లలు కూడా చెప్పగలరు. అయితే ఆ దినమునకు ముందు పన్నెండేండ్లు ఆయన సంఘపు గుమ్మము దగ్గర ఎవరిని లోనికి ఆహ్వానించారు, అందుకు ఏమి నష్టపోయారు అన్న సంగతి మనము అంతగా చెప్పుకోము. ఈ సంచికలో ఆ సంగతినే తలంచుకుందాము.

బాల్యము, పిలుపు

జాన్ ఎవరెట్ క్లౌ గారు 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రములో ఒక రైతు కుటుంబములో జన్మించారు. ఆ కుటుంబము బ్రతుకుదెరువు వెదుక్కుంటూ పడమటికి, మొదట ఇల్లినాయి, ఆ తరువాత అయోవా ప్రాంతములకు తరలిపోయింది. ఊరు విడిచి ఊరు వెళ్లిన ఇంటి బిడ్డ అన్నమాట. యౌవనములో ఆయన ప్రభుత్వ సర్వేయర్ల వెంట తిరిగి భూములు కొలిచే పని నేర్చుకున్నారు. ఆ విద్య ఎక్కడ ఉపయోగపడనున్నదో అప్పుడు ఆయనకు తెలియదు. చదువుకునే రోజులలో 1858లో బర్లింగ్టన్ పట్టణములో బాప్తిస్మము పొందారు. హారియెట్ సండర్లాండ్ అమ్మగారిని వివాహమాడారు.

ఆ దినములలో తెలుగు మిషను పరిస్థితి దయనీయముగా ఉండేది. 1836లో వచ్చిన శామ్యూల్ డే గారు 1840లో నెల్లూరులో పని స్థాపించారు. ఏండ్లు గడిచినా చేరినవారు కొద్దిమందే. మిషను మూసివేయాలన్న ఆలోచన అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చింది. 1854 జనవరి 1న లైమన్ జ్యూయెట్ గారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు కలిసి ఒంగోలులోని ఒక కొండ ఎక్కి ఆ ప్రాంతము కొరకు ప్రార్థించారు. మనము ప్రార్థన కొండ అని పిలుచుకునేది ఆ కొండనే. పది సంవత్సరములు గడిచిన తరువాత 1864 చివరిలో జ్యూయెట్ గారితో కలిసి క్లౌ దంపతులు ఓడ ఎక్కారు. 1865 ఏప్రిల్‌లో మద్రాసు చేరి, అక్కడి నుండి నెల్లూరు వెళ్లి తెలుగు నేర్చుకున్నారు. 1866 సెప్టెంబరులో ఒంగోలులో కాపురము పెట్టారు.

పేరయ్య గారు తెరచిన దారి

ఒంగోలు కథ దొరగారితో మొదలు కాలేదని మనము జ్ఞాపకము ఉంచుకోవాలి. ఒంగోలుకు పడమట సుమారు నలభై మైళ్ల దూరములో ఉన్న తలకొండపాడు గ్రామమునకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య గారు మాదిగ కులస్థులు, తోళ్ల వ్యాపారము చేసేవారు. సత్యమును వెదకుతూ యోగమార్గములో గురువును ఆశ్రయించి, తానే పదిమందికి బోధించే స్థితికి వచ్చిన మనిషి. వ్యాపారము మీద తిరుగుతూ ఉత్తరాన ఏలూరు ప్రాంతములో సువార్త విన్నారు. 1866లో ఆయన, ఆయన భార్య నాగమ్మగారు బాప్తిస్మము పొందారు. ఆ తరువాత పేరయ్య గారు ఊరూరా నడిచి తన బంధువులకు, తన మాట వినే వారికి తాను కనుగొన్న సంగతి చెప్పారు.

1867 జనవరి 1న ఒంగోలు బాప్టిస్టు సంఘము ఎనిమిది మంది సభ్యులతో ఏర్పడింది. అదే నెలలో క్లౌ గారు పేరయ్య గారి పిలుపు మీద తలకొండపాడు వెళ్లి చింతతోపులో డేరా వేశారు. చుట్టుపట్ల ఊళ్ల నుండి స్త్రీలు, పురుషులు తిండి మూటలు, బట్టలు తీసుకుని వచ్చారు. నాలుగు మాటలు విని పోదామని కాదు, నాలుగు రోజులు ఉండి నేర్చుకుని బాప్తిస్మము పొందాలని వచ్చారు. ఆ కూడికల చివర 28 మంది బాప్తిస్మము తీసుకున్నారు.

గుమ్మము దగ్గర పరీక్ష

అసలు పరీక్ష ఇక్కడే మొదలైంది. ఒంగోలు పట్టణములో హారియెట్ అమ్మగారు నడిపిన బడికి అగ్రకులముల పిల్లలు వస్తుండేవారు. వారి ఇండ్లలో కొందరు సువార్త పట్ల ఆసక్తి చూపుతున్నారు. మాదిగవారిని చేర్చుకుంటే తాము రాలేమని వారు తెలియజేశారు. పట్టణములో చదువుకున్నవారు, పలుకుబడి గలవారు వస్తే మిషను వేళ్లూనుతుందని అప్పటివరకు క్లౌ గారికీ ఆశ ఉండేది. వారిని వదులుకుంటే ముప్పై ఏండ్ల నిరీక్షణ మట్టిపాలవుతుందేమో! వారిని పట్టుకుంటే తలకొండపాడు నుండి నడిచి వచ్చినవారిని గుమ్మము బయట నిలబెట్టాలి.

ఆ రాత్రి భార్యాభర్తలు వేరు వేరు గదులలో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, వాక్యము తెరచి చూశారు. ఇద్దరికీ కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయములోని అదే భాగము కనబడింది. లోకము తక్కువగా ఎంచినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగమది. వారు దానిని దేవుని జవాబుగా తీసుకున్నారు. వచ్చినవారిని చేర్చుకున్నారు. బడిలో అగ్రకుల బాలురు వెళ్లిపోయారు. ఆ నష్టము ఆయనకు బాధ కలిగించకపోలేదు. అయినా తలుపు మూయలేదు.

చేరినవారికి కూడా అది తేలిక కాదు. ఆదివారము పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు అన్న మూడు నియమములు వారి ముందు ఉంచబడ్డాయి. వినడానికి చిన్నవి. కాని ఊరి జాతరలో డప్పు కొట్టేది వారే, ఊరి తోళ్ల పని చేసేది వారే, ఊరికి వెట్టి చేసేదీ వారే. ఆదివారము రానంటే, జాతరకు డప్పు కొట్టనంటే ఊరు ఊరుకుంటుందా? కొన్నిచోట్ల వారిని కొట్టారు, సరుకులు అమ్మకుండా చేశారు. వారు నిలబడ్డారు. దొరగారి పక్షమున నిలిచిన బలము అధికారులది కాదు, ఈ నిలకడదే అని మనము చెప్పగలము.

ఆ సంఘము ఎలా కూడేది?

ఆయన గ్రామ పెద్దరికమును చెరిపివేయలేదు. పల్లెలోని పెద్దలే విశ్వాసులకు కూడా పెద్దలుగా ఉండి తగవులు తీర్చారు, ఆరాధనను చూసుకున్నారు. బోధకులు ఊరూరా తిరిగి, మూడు నెలలకు ఒకసారి ఒంగోలులో కూడుకునేవారు. ఎక్కడ ఏమి జరిగిందో ఒక్కొక్కరు లేచి చెప్పేవారు, కష్టములు పంచుకునేవారు, కలిసి ప్రార్థించి ప్రభువు బల్లలో పాలుపొందేవారు. నడిచి వచ్చి నడిచి వెళ్లిన ఈ కూడికలే వందల పల్లెలను ఒకే సంఘముగా కట్టి ఉంచాయి. బోధకుల తరిఫీదు కొరకు రామాపట్నములో 1872లో వేదాంత పాఠశాల మొదలైంది. 1872-74లో స్వదేశమునకు వెళ్లినప్పుడు క్లౌ గారు దాని కొరకు విరాళములు పోగుచేశారు.

కరువు, కాలువ

1876లో వర్షములు తప్పాయి. మూడేండ్ల పాటు దక్షిణ దేశమును పీడించిన ఆ కరువులో లక్షల మంది మరణించారు. కూలి లేదు, గింజ లేదు. అప్పుడు క్లౌ గారు తన పాత విద్యను బయటికి తీశారు. ప్రభుత్వము త్రవ్విస్తున్న తూర్పు తీరపు కాలువలో మూడు మైళ్లకు పైగా భాగమును కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఆయనే కొలిచారు, బోధకులను మేస్త్రీలుగా నిలిపారు. వేల మంది పారలు, గంపలు పట్టి త్రవ్వారు. చెన్నపట్నములో ఉన్న మన సంఘస్థులు రోజూ దాటిపోయే బకింగ్‌హామ్ కాలువే అది. ఆ నీటి దారిలో మన పూర్వికుల చెమట కూడా ఉన్నది. పగలు పని, విశ్రాంతి వేళ బోధకుల మాటలు. ఏ కులమువారైనా అక్కడ పని దొరికింది.

చేర్చుకోమని అడిగేవారు పెరిగారు. ఇక్కడ దొరగారు చేసిన పని గమనించదగినది. తలుపు తెరిచే ఉంచిన ఆయనే పదిహేను నెలల పాటు ఒక్కరికి కూడా బాప్తిస్మము ఇవ్వలేదు. కూటి కొరకు వచ్చారన్న నింద వారి మీద పడకూడదనీ, వచ్చేవారి మనస్సు వారికే తేటపడాలనీ ఆగారు. సహాయపు పని ముగిసి, ఇక ఇచ్చేది ఏమీ లేదని తెలిసిన తరువాత కూడా జనము వస్తూనే ఉన్నారు.

1878 జూలై మొదట గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర వారందరూ కూడారు. బోధకులు తమ తమ పల్లెలవారిని పరీక్షించి పేర్లు వ్రాసుకున్నారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు దినములలో 3,536 మంది బాప్తిస్మము పొందారు. జూలై 3న ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా నీటిలో నిలిచి, అలసినప్పుడు మారుతూ, ఉదయము మొదలుపెట్టి మధ్యాహ్నము కొంతసేపు ఆగి సాయంకాలము వరకు ఆ పని చేశారు. దొరగారు స్వయముగా నీటిలోకి దిగలేదు. ఆ దినము తెలుగు సేవకుల చేతుల మీదనే జరిగింది. ఆ సంవత్సరాంతమునకు చేరినవారి సంఖ్య తొమ్మిది వేలు దాటింది. కొద్ది ఏండ్లలో ఒంగోలు సంఘ సభ్యులు ఇరవై వేలకు మించారు. తరువాత ఆ పొలము కంభము, మార్కాపురము, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల మొదలైన కేంద్రములుగా విభజింపబడింది.

హారియెట్ అమ్మగారు 1893లో మరణించారు. మరుసటి సంవత్సరము ఎమ్మా రౌషెన్‌బుష్ గారిని క్లౌ గారు వివాహమాడారు. మాదిగవారి జీవితమును, వారి తొలి విశ్వాసులను గురించి ఆ అమ్మగారు వ్రాసిన పుస్తకము 1899లో వెలువడింది. 1910 నవంబరులో అమెరికాలోని రాచెస్టర్ పట్టణములో క్లౌ గారు ప్రభువునందు నిద్రించారు.

మన గుమ్మము

ఆ సంఘము పుట్టిన చోటనే ఆగిపోలేదు. 1903లో నెల్లూరు తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నేటాలుకు, చెరకు తోటలలోని తెలుగు కూలీల యొద్దకు పంపారు. పని కొరకు వలస వెళ్లిన మనిషికి వెనుకనే సంఘము వెళ్లాలన్న ఆలోచన మనకు ఎవరో నేర్పినది కాదు, మన పెద్దలదే.

మనలో ఎక్కువమంది ఇప్పుడు వచ్చిన చోట పాతవారము. ఇల్లు ఉన్నది, బెంచీలో స్థలము ఉన్నది, కమిటీలో మాట ఉన్నది. నిన్న మొన్న కట్టడపు పనికి వచ్చిన కుటుంబము ఆదివారము మన గుడి తలుపు దగ్గర నిలబడితే వారి ఊరు, ఇంటిపేరు అడిగి కులము ఆరా తీస్తామా, లేక పాటల పుస్తకము చేతికి ఇచ్చి ప్రక్కన చోటు చూపిస్తామా? తెలుగు చదవడము రాని మన మనుమలు, ఇతర భాషల ఇండ్ల నుండి వచ్చిన కోడళ్లు, అల్లుళ్లు ఆరాధనలో పరాయివారుగా మిగిలిపోతున్నారేమో చూస్తున్నామా? ఎనిమిది మందితో మొదలైన సంఘము, గౌరవనీయులు వెళ్లిపోతారన్న భయముతో నాడు తలుపు వేసుకుని ఉంటే, మనలో చాలామంది నేడు ఈ పత్రిక చదువుతూ ఉండేవారము కాము.

వచ్చే ఆదివారము ఆరాధన ముగిసిన వెంటనే ఇంటికి బయలుదేరక, వెనుక వరుసలో కూర్చున్నవారిని పలకరిద్దాము. వారి పేరు తెలుసుకుందాము, వీలైతే భోజనమునకు పిలుద్దాము. ప్రభువు మన సంఘములన్నిటిని ఈ పనికి బలపరచును గాక. ఆమేన్.