థర్మోకోల్ పేరు పెట్టుకున్న గాయని

రసాయనశాస్త్రం చదివే మిత్రులకు పాలీస్టైరీన్ అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. మనం థర్మోకోల్ అని పిలిచే తెల్లని అట్టముక్క దానితో చేసిందే. వాడి పారేసే ఆ వస్తువు పేరును కావాలనే తన పేరుగా పెట్టుకున్న ఒక గాయని ఇంగ్లండులో ఉండేది. ఆవిడే పాలీ స్టైరీన్. పాటగాళ్ళనూ జనం ఇలాగే వాడి పారేస్తారన్నది ఆ పేరులోని ఎత్తిపొడుపు. అది చివరకు ఆమె విషయంలోనే నిజమైందని నాకనిపిస్తుంది.

అసలు పేరు మేరియన్ జోన్ ఇలియట్-సయీద్. 1957 జూలై 3న బ్రోమ్లీలో జన్మించింది. తండ్రి సోమాలియా దేశస్థుడు, తల్లి తెల్లజాతి స్త్రీ. తల్లి పెంపకంలోనే లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లో పెరిగింది. 1976లో, సరిగ్గా తన పంతొమ్మిదో పుట్టినరోజున, హేస్టింగ్స్‌లో సెక్స్ పిస్టల్స్ కచేరీ చూసింది. ఇలాగైతే మనమూ పాడొచ్చునన్న ధైర్యం వచ్చేసింది. పత్రికలో ప్రకటన ఇచ్చి, కుర్రకారును పోగుచేసి ఎక్స్-రే స్పెక్స్ అనే పంక్ బృందం కట్టింది. పంక్ అంటే పాండిత్యం అక్కర్లేని పాట. కోపమే దానికి శ్రుతి. అందులో శాక్సఫోన్ వాయించిన లోరా లాజిక్ అప్పటికింకా బడిపిల్ల!

1978లో వచ్చిన వారి మొదటి ఆల్బం ‘జెర్మ్‌ఫ్రీ అడోలెసెంట్స్’ బ్రిటన్ పట్టికలో 30వ స్థానం దాకా ఎక్కింది. పళ్ళకు క్లిప్పులున్న ఆ పిల్ల ప్రకటనల మోజునూ, ప్లాస్టిక్ బతుకునూ గొంతు చించుకుని ఎగతాళి చేసింది.

ఇంతలో మనసు చెదిరింది. డాక్టర్లు స్కిజోఫ్రీనియా అని పొరబడ్డారు. అది బైపోలార్ వ్యాధి అని తేలడానికి ఏళ్ళు పట్టింది. 1979లో బృందం విడిపోయింది. 1980ల్లో ఆమె హరేకృష్ణ ఉద్యమంలో చేరింది. లోరాదీ అదే దారి.

1995లో ఈ ఇద్దరూ, పాత మిత్రుడు పాల్ డీన్‌తో కలిసి, ఎక్స్-రే స్పెక్స్ పేరుతోనే ‘కాన్షస్ కన్స్యూమర్’ ఆల్బం తెచ్చారు. మూడు ఆల్బంల వరుసలో ఇది మొదటిదన్నారు. కానీ అది అమ్ముడుపోలేదు. దానికితోడు ఆమెను లండన్‌లో ఫైరింజన్ గుద్దింది. కటి ఎముక విరిగి, ప్రచార కచేరీలు కుంటుపడ్డాయి. మిగతా రెండు ఆల్బంలూ రానేలేదు.

విమర్శకులు మొదటి ఆల్బాన్ని నెత్తిన పెట్టుకున్నారు. రెండోదాన్ని దాని పక్కన ఒక అడుగు సూచికగా మిగిల్చారు. ఇది న్యాయమేనా? ఇరవై ఏళ్ళ పిల్ల కేకను ముప్పై ఎనిమిదేళ్ళ తల్లి నోట మళ్ళీ వినాలనుకోవడం మన అత్యాశ కాదూ? మొదటి ఆల్బంలోని మెరుపు రెండోదాంట్లో లేదు, ఒప్పుకోవాల్సిందే. కానీ ప్రశ్న మారలేదు. మనం కొంటున్న వస్తువు మనల్ని ఏం చేస్తోందని 1978లో అరిచి అడిగింది, 1995లో నెమ్మదిగా అడిగింది. అరిస్తేనే వింటామంటే ఆ లోపం ఎవరిది?

2008లో లండన్ రౌండ్‌హౌస్‌లో ఆ బృందం మళ్ళీ పాడింది. 2011 మార్చిలో ఆమె సొంత ఆల్బం ‘జనరేషన్ ఇండిగో’ విడుదలై మెప్పు పొందింది. అప్పటికే రొమ్ము క్యాన్సర్ ముదిరింది. ఏప్రిల్ 25న, 53వ ఏట, కన్నుమూసింది.

థర్మోకోల్ మట్టిలో కలవదంటారు. ఆ పేరు పెట్టుకున్నావిడ పాట కూడా అంతే.