ఎల్‌బ్రిడ్జ్‌ గెర్రీ: ఒక్క సంతకంతో అపకీర్తికి పర్యాయపదమైన నేత

అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసిన నేతల్లో ఎల్‌బ్రిడ్జ్‌ గెర్రీ ఒకరు. ఆ దేశానికి ఐదో ఉపాధ్యక్షుడు కూడా ఆయనే. అయినా ప్రపంచం ఆయనను గుర్తుంచుకున్నది మరో కారణంతో. అధికార పక్షం తన లాభం కోసం నియోజకవర్గాల సరిహద్దులను వంకరలు తిప్పడాన్ని జెర్రీమాండరింగ్‌ అంటారు. రెండు శతాబ్దాలుగా రాజకీయ నిఘంటువులో నిలిచిన ఈ మాటలో సగం ఆయన ఇంటిపేరే.

మసాచుసెట్స్‌లోని మార్బుల్‌హెడ్‌ రేవు పట్టణంలో 1744 జులై 17న గెర్రీ జన్మించారు. తండ్రి ఎండుచేపలు ఎగుమతి చేసే వర్తకుడు. 1762లో హార్వర్డ్‌ నుంచి పట్టా పొందిన గెర్రీ కుటుంబ వ్యాపారంలో చేరారు. బ్రిటిష్‌ పాలనపై నిరసన ఆయనను రాజకీయాల్లోకి నడిపించింది. 1776లో కాంటినెంటల్‌ కాంగ్రెస్‌ సభ్యుడయ్యారు.

రాజ్యాంగ రచనకు 1787లో ఫిలడెల్ఫియాలో జరిగిన సభలో ఆయనది ఒంటరి స్వరం. ప్రజలు నేరుగా ప్రతినిధులను ఎన్నుకోవడంపై ఆయనకు అనుమానాలుండేవి. కేంద్ర ప్రభుత్వం చేతిలో అధికారం పోగుపడటమూ ఆయనకు సమ్మతం కాదు. పౌర హక్కులకు హామీ లేదన్నది ఆయన ప్రధాన అభ్యంతరాల్లో ఒకటి. చివరి రోజు సభలో ఉండి కూడా సంతకం నిరాకరించిన ముగ్గురిలో ఆయన ఒకరు. ఆ లోటును పూరిస్తూ 1791లో పది సవరణలు అమల్లోకి వచ్చాయి.

చాలాకాలం పార్టీలకు దూరంగా ఉన్న గెర్రీ, క్రమంగా డెమోక్రటిక్‌-రిపబ్లికన్ల పక్షం చేరి 1810లో మసాచుసెట్స్‌ గవర్నర్‌ అయ్యారు. రెండో పదవీకాలంలో ప్రత్యర్థులైన ఫెడరలిస్టులపై ఆయన వైఖరి కఠినంగా మారింది. రాష్ట్ర సెనేట్‌ నియోజకవర్గాలను పునర్విభజించే బిల్లుపై 1812 ఫిబ్రవరి 11న ఆయన సంతకం చేశారు. అప్పటివరకు సెనేట్‌ నియోజకవర్గాలు కౌంటీ సరిహద్దులను అనుసరించేవి. కొత్త చట్టం వాటిని చీల్చింది. ప్రత్యర్థి ఓటర్లను కొన్ని చోట్ల కుక్కి, మిగతా స్థానాలను సొంత పక్షానికి అనుకూలంగా మలిచింది. ఆ బిల్లు గెర్రీకి నచ్చలేదని ఆయన అల్లుడు రాసిన జీవిత చరిత్ర చెబుతోంది. నచ్చకపోయినా ఆయన దాన్ని తిరస్కరించలేదు.

ఎసెక్స్‌ కౌంటీలో ఏర్పడిన ఒక నియోజకవర్గం పాములా మెలికలు తిరిగి ఉంది. బోస్టన్‌ గెజిట్‌ 1812 మార్చి 26న ఆ పటానికి రెక్కలు, గోళ్లు, కోరలు తగిలించి వింత జంతువుగా ప్రచురించింది. బల్లిని పోలిన సాలమాండర్‌ అనే జీవి పేరును గవర్నర్‌ పేరుతో కలిపి గెర్రీమాండర్‌ అని నామకరణం చేసింది.

చట్టం ఆశించిన ఫలితాన్నిచ్చింది. 1812 సెనేట్‌ ఎన్నికల్లో ఫెడరలిస్టులకు 51,766 ఓట్లు, వారి ప్రత్యర్థులకు 50,164 ఓట్లు వచ్చాయి. స్థానాలు మాత్రం ఫెడరలిస్టులకు 11, ప్రత్యర్థులకు 29 దక్కాయి. రాష్ట్రమంతా ఒకే నియోజకవర్గమైన గవర్నర్‌ పదవికి గీతల లెక్క పనిచేయలేదు. అక్కడ గెర్రీ ఓడిపోయారు. మరుసటి ఏడాదే ఆ చట్టం రద్దయింది.

ఓటమి తర్వాత జేమ్స్‌ మాడిసన్‌ వెంట పోటీచేసి 1813లో గెర్రీ ఉపాధ్యక్షుడయ్యారు. 1814 నవంబర్‌ 23న పదవిలో ఉండగానే వాషింగ్టన్‌లో కన్నుమూశారు. స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసినవారిలో ఆ నగరంలో సమాధి ఉన్నది ఆయనకే.

గకారంతో పలికే ఆయన ఇంటిపేరు జనవ్యవహారంలో జకారంగా మారింది. ఆచారం మాత్రం మారలేదు. పార్టీ ప్రయోజనాల కోసం గీసిన సరిహద్దులపై ఫెడరల్‌ న్యాయస్థానాలు తీర్పు చెప్పజాలవని 2019లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో తేల్చింది. హక్కులకు హామీ లేదని రాజ్యాంగాన్నే తిరస్కరించిన నేత పేరు, ఓటు విలువను హరించే పద్ధతికి గుర్తుగా మిగిలిపోయింది.