డాక్టర్ షార్ట్: మన నీళ్ళ జబ్బును లోకానికి తెలిపిన వైద్యుడు

మలేరియా పరిశోధనలో పేరు గడించిన డాక్టర్ హెన్రీ ఎడ్వర్డ్ షార్ట్ గారికి మన పడమటి ప్రకాశంతో ఒక సంబంధం ఉంది. అది మన ఇళ్ళల్లో చాలామందికి తెలియదు. అందుకే ఆయన జీవితాన్ని సంఘ సభ్యులకు, వారి కుటుంబాలకు క్లుప్తంగా పరిచయం చేస్తున్నాము.

షార్ట్ గారు 1887లో పంజాబులో జన్మించారు. స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి, 1910లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. అస్సాంలో కాలా అజార్ అనే ప్రాణాంతక జ్వరం మీద ఏళ్ళ తరబడి పని చేశారు. ఆ తర్వాత మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటుకు డైరెక్టరుగా వచ్చారు.

ఆ రోజుల్లో మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు జిల్లాలోవి. 1970లో కొత్త జిల్లా ఏర్పడ్డాకే అందరం ఒక జిల్లావాళ్ళమయ్యాము. పొదిలి, దర్శి వైపు పల్లెల్లో పిల్లల పళ్ళు పచ్చగా గారపట్టేవి. నడివయసు రాకుండానే నడుము కట్టెలా బిగుసుకుపోయేది. మెడ తిరగదు, మోకాలు వంగదు. కొందరు చివరికి మంచాన పడేవారు. వాతమనో, తలరాతనో అనుకొని జనం ఓర్చుకునేవారు.

షార్ట్ గారు, ఆయన సహచరులు మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ గార్లు ఈ రోగులను పరీక్షించారు. ఎక్స్‌రేలు తీశారు, తాగే నీళ్ళు పరీక్షించారు. నీళ్ళలోని ఫ్లోరైడే దీనికి కారణమని 1937లో ప్రకటించారు. ఎముకలను పట్టే ఈ ఫ్లోరోసిస్ మన దేశంలో ఉన్నట్లు లోకానికి అలా తెలిసింది.

1940లో అదే సంస్థకు చెందిన పండిట్ గారు, ఆయన సహచరులు మరో సంగతి చెప్పారు. సరైన తిండి లేనివారిలో ఈ జబ్బు ఇంకా ముదురుతుందని వారు గమనించారు. అంటే నీళ్ళు ఊరందరివీ అయినా, దెబ్బ మాత్రం పేదవాడికే ఎక్కువ. 1955లో డాక్టర్ ఎ.హెచ్. సిద్దిఖీ గారు నల్గొండ జిల్లాలోని ఇదే జబ్బును వైద్యలోకం ముందుంచారు.

షార్ట్ గారు ఆ తర్వాత లండనులో ప్రొఫెసరుగా పని చేశారు. మలేరియా క్రిమి రక్తంలోకి రాకముందు కాలేయంలో దాగి పెరుగుతుందని 1948లో గార్న్‌హామ్ గారితో కలిసి నిరూపించారు. 1950లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. నిండు నూరేళ్ళు బతికి 1987లో కన్నుమూశారు.

ఆయన కారణం చెప్పి ఎనభై ఏళ్ళు దాటింది. ఒకసారి బిగిసిన ఎముకను మళ్ళీ మామూలు చేసే మందు లేదు. మంచినీళ్ళే దీనికి ముందుజాగ్రత్త. చెరువులు ఎండినకొద్దీ మనం లోతు బోర్ల మీద పడ్డాము. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ పథకం కోసం ఈ ప్రాంతం దశాబ్దాలు ఎదురుచూసింది. డబ్బున్న ఇంటికి క్యాను నీళ్ళు వస్తాయి. పలకల గనిలో కూలికి పోయే కుటుంబం ఆ పూట దొరికిన నీళ్ళే తాగుతుంది. నడుము పట్టేశాక పెద్దాసుపత్రికి పోవాలంటే బస్సు చార్జీతో పాటు తోడు వచ్చేవారి కూలి కూడా పోతుంది. రుకూకు వంగలేక, సజ్దా చేయలేక కుర్చీలో నమాజు చదివే పెద్దల బాధ మనకు తెలియనిది కాదు. ఆ బాధకు కారణాలెన్నో ఉండవచ్చు గాని, మన ప్రాంతంలో నీళ్ళ సంగతి కూడా అడిగి చూడాలి.

కాబట్టి సభ్యులకు మా మనవి. మీ బోరు నీళ్ళు పరీక్ష చేయించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉంటే తాగడానికి, వంటకు వాడకండి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. పళ్ళు, ఎముకలు ఎదిగే వయసు పిల్లలకు ముందుగా మంచినీళ్ళు పట్టండి. పాలు, ఆకుకూరలు, ఉసిరికాయ పెట్టండి. స్తోమత ఉన్నవారు పక్కింటి పేద పిల్లలకు కూడా రోజూ ఒక బిందె మంచినీళ్ళు అందేలా చూడాలని కోరుతున్నాము.