ముర్రుపాలను గూర్చి వ్రాసిన వైద్యుడు

నిర్గమకాండములోని షిఫ్రా, పూయా అను మంత్రసానులను మనమెరుగుదుము. రాజు చంపుమన్న మగబిడ్డలను వారు బ్రతుకనిచ్చిరి. బిడ్డ పుట్టిన గడియలో మంత్రసాని చేతిలో ఎంత బలము కలదో దీనివలన తెలియుచున్నది. ఆ గడియను గూర్చియే తలపోసిన ఒక వైద్యుని జీవితమును ఈ మాసము చెప్పుకొందము.

విలియం కాడోగన్ 1711లో లండనులో పుట్టెను. హాలండు దేశమందలి లైడెనులో వైద్యము చదివి, 1737లో పట్టము పొంది, ఇంగ్లండులోని బ్రిస్టల్ పట్టణమున వైద్యము చేసెను.

ఆ కాలమున ఇంగ్లండులో ముర్రుపాలు చెడ్డవని అనేకులు తలంచెడివారు. పుట్టిన బిడ్డకు కడుపు శుభ్రమగునని వెన్న, పంచదార, నూనె నాకించెడివారు. కొన్ని దినములవరకు తల్లి రొమ్ము పట్టనిచ్చెడివారు కారు. కలవారు బిడ్డను పాలదాదికి అప్పగించెడివారు. పాలు కట్టుకొని తల్లికి జ్వరము వచ్చెడిది, బిడ్డ నీరసించెడిది.

లండనులో దిక్కులేని శిశువులకై ఒక శరణాలయము 1741లో తెరువబడెను. 1748లో కాడోగన్ దాని పెద్దలలో ఒకరికి శిశుపోషణను గూర్చి ఉత్తరము వ్రాయగా, అది చిన్న పుస్తకముగా అచ్చయ్యెను. బిడ్డ కడుపును శుభ్రపరచునది ముర్రుపాలేయనియు, నూనెలు, వెన్నలు అక్కరలేదనియు, మొదటి దినముననే బిడ్డను తల్లి రొమ్మున చేర్చవలెననియు, అది తల్లికిని మేలనియు ఆయన బోధించెను. ఆ పుస్తకము పలుమార్లు ముద్రింపబడెను. 1754లో ఆయన ఆ శరణాలయమునకే వైద్యుడయ్యెను. 1797లో మరణించెను.

ఆయనయందు లోపము లేకపోలేదు. శిశుపోషణను స్త్రీల చేతికి విడుచుటయే తప్పని తలంచి, మంత్రసానుల తెలివిని చులకన చేసెను. దినమునకు నాలుగు మారులు పాలిచ్చిన చాలుననెను. అది చాలదని నేడు మనకు తెలియును. పుస్తకము వ్రాసినది వైద్యుడే గాని, అలసిన తల్లి ప్రక్కన కూర్చుండి, బిడ్డ నోటిని రొమ్మునకు చేర్చి, ధైర్యము చెప్పునది మంత్రసానియే గదా!

ప్రియులారా, ముర్రుపాలు పిండి పారబోసి, ఆముదమో తేనెయో నాకించిన ఇండ్లు మన పల్లెలలోను కలవు. అది ప్రేమ లేక చేసినది కాదు, తెలియక చేసినది. పుట్టిన గంటలోపుననే బిడ్డకు తల్లిపాలు పట్టవలెననియు, ఆరు మాసములు నిండువరకు ఆ పాలే చాలుననియు నేటి వైద్యులు చెప్పుచున్నారు. ముర్రుపాలు కొద్దిగానే వచ్చును. ఆ కొద్దియే పసికందుకు చాలును, రోగములనుండి కాపాడును.

నేడు మంత్రసాని స్థానమున ఆసుపత్రి నర్సమ్మ నిలిచియున్నది. ఆమె బిడ్డను తల్లి రొమ్మున పెట్టునప్పుడు, ప్రక్కనున్న అమ్మమ్మలును అత్తలును తేనెసీసా దాచివేసి ఆమెకు తోడ్పడుదురు గాక.