తలవంచని వినయం: బిషప్ అజరయ్య

విజయవాడ నుంచి మచిలీపట్నం వెళ్ళే రహదారిలో పామర్రు ఒక ముఖ్యమైన కూడలి. గుడివాడ, భీమవరాల వైపు సాగే మార్గం ఇక్కడే చీలుతుంది. కాలువ నీటితో పచ్చగా పండే ఈ ప్రాంతపు పల్లెల్లో ఆదివారం ఉదయం చర్చి గంట వినిపించడం పరిపాటి. ఇక్కడి క్రైస్తవ సంఘాల చరిత్ర చాలావరకు మచిలీపట్నంలో మొదలవుతుంది. ఇంగ్లండు నుంచి బయలుదేరిన హెన్రీ ఫాక్స్, రాబర్ట్ నోబుల్ అనే మతగురువులు 1841లో ఆ పట్టణం చేరారు. రెండేళ్ళకు నోబుల్ అక్కడ ఒక పాఠశాల స్థాపించారు. నేటి నోబుల్ కళాశాలకు అదే మూలం. అయితే ఆ పాఠశాలలో తొలినాళ్ళలో అగ్రవర్ణాల బాలురకే ప్రవేశముండేది. అట్టడుగు కులాల పిల్లలను చేర్చుకుంటే తక్కినవారు రారని నోబుల్ జంకారు. కాని దైవసంకల్పమో, చరిత్ర చమత్కారమో, ఈ జిల్లాలో క్రైస్తవం విస్తరించింది ఆ పట్టణపు బడి ద్వారా కాదు. ఊరి చివరి పల్లెల ద్వారా. 1859లో రాఘవాపురంలో పగోలు వెంకయ్య అనే మాల కుల పెద్ద బాప్తిస్మం పొందడంతో ఆ మార్పుకు అంకురార్పణ జరిగింది.

దొరలు ఎత్తున, ప్రజలు పల్లాన ఉన్న ఆ సంఘాలకు ఆరు దశాబ్దాల తరువాత ఒక భారతీయుడు అధ్యక్షుడయ్యారు. ఆయన ఇంగ్లీషు దొర కాదు, తెలుగువాడు కూడా కాదు. తమిళనాడులోని ఒక పల్లెటూరి గురువు కుమారుడు. ఆయనే వేదనాయకం శామ్యూల్ అజరయ్య.

అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునల్వేలి ప్రాంతంలోని వెళ్ళాలన్‌విళై గ్రామంలో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయకం, తల్లి ఎల్లెన్. చాలాకాలం నిరీక్షించిన మీదట కలిగిన కుమారుడు కనుక బైబిలులోని హన్నా కొడుకు పేరిట శామ్యూల్ అని పిలుచుకున్నారు. వారిది నాడార్ వర్గం. గుడిలోకి ప్రవేశం లేక, వస్త్రధారణ విషయంలో కూడా అవమానాలు పడిన వర్గమది. ఇతరుల గర్వం ఎంత లోతుగా గాయపరుస్తుందో ఆ ఇంటివారికి ఒకరు చెప్పవలసిన పనిలేదు.

మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుతుండగా అనారోగ్యం వల్ల చివరి పరీక్ష రాయలేకపోయారు. పట్టా చేతికి రాలేదు. 1895 నుంచి వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణదేశమంతా తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహమాడారు. తిరునల్వేలి క్రైస్తవ స్త్రీలలో కళాశాల విద్య నభ్యసించిన తొలితరంవారిలో ఆమె ఒకరు.

1902లో యాఫ్నా వెళ్ళినప్పుడు ఆయన మనస్సును ఒక దృశ్యం కలచివేసింది. సంఖ్యలో చిన్నవైన అక్కడి తమిళ సంఘాలు సొంత ఖర్చుతో బోధకులను పంపుతున్నాయి. తమ పెద్దతనాన్ని గురించి గొప్పగా చెప్పుకొనే తిరునల్వేలి సంఘాలు మాత్రం పరదేశుల ధనంపై ఆధారపడి కూర్చున్నాయి. ఆ సిగ్గు నుంచే 1903లో తిరునల్వేలి భారతీయ మిషనరీ సంఘం పుట్టింది. నిజాం రాజ్యంలో, నేటి మహబూబాబాదు జిల్లాలో ఉన్న డోర్నకల్ ప్రాంతాన్ని ఆ సంఘం తన సేవాక్షేత్రంగా ఎన్నుకొంది. ఇతరులను అక్కడికి పంపుతూ తాను మద్రాసులో ఉండిపోవడం అజరయ్యకు న్యాయంగా తోచలేదు. 1909లో మతగురువుగా అభిషేకం పొంది డోర్నకల్ చేరి, మొదట్లో గుడారంలో నివసించారు.

అప్పటికాయన వయస్సు ముప్పై అయిదు. తెలుగు అక్షరాలు దిద్దడం అక్కడే. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకే అక్షరం. వాటిని విడదీసి పలకడం తమిళుడికి ఎంత కష్టమో భాష బోధించే మావంటి వారికి తెలుసు. దేశమంతా ఉపన్యాసాలిచ్చిన వక్త పల్లెలోని పామరుల ముందు తడబడే శిష్యుడయ్యారు. మన భాషలో అణకువ, వినయం అనే రెండు మాటలను ఒకే అర్థంలో వాడుతుంటాము. నిజానికి రెండింటికీ మూలాలు వేరు. అణకువ అణగడం నుంచి వచ్చింది. వినయానికి మూలమైన ధాతువుకు నడిపించడమని అర్థం; శిక్షణ పొందడమే వినయం. అణగడానికి భయం చాలు. శిక్షణకు ఆత్మవిశ్వాసం కూడా కావాలి. అజరయ్యలో ఉన్నది ఈ రెండవది. ఆ మరుసటి సంవత్సరమే అది లోకానికి తెలిసింది.

1910 జూన్‌లో స్కాట్లండులోని ఎడిన్‌బరో నగరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1,200 మంది ప్రతినిధులలో ఆసియావాసులు ఇరవైకి మించలేదు. పరదేశ మిషనరీలకు, స్వదేశ సేవకులకు నడుమ సహకారాన్ని గురించి అజరయ్య ప్రసంగించారు. మిషనరీలు తెచ్చిన మేలును ఆయన కాదనలేదు. వారు ధనమిచ్చారు, శ్రమించారు, ప్రాణాలు సైతం అర్పించారు. అయితే ఏళ్ళ తరబడి తమతో పనిచేసే భారతీయుని ఇంట అడుగుపెట్టనివారు, అతనిని తమ బల్లవద్ద కూర్చోబెట్టుకోనివారు వారిలో ఎందరో ఉన్నారని నిర్మొహమాటంగా చెప్పారు. తమకు కావలసినది దాతలు కారని, స్నేహితులని విన్నవించారు. సభలో కొందరు నొచ్చుకున్నారు, కొందరికి ఆగ్రహం కలిగింది. తమ అన్నం తింటున్నవాడు తమనే తప్పుపట్టడం అహంకారంగా వారికి కనిపించి ఉండవచ్చు. నా దృష్టిలో ఆ సభలో అహంకారం వేదికపైన లేదు. సేవ చేస్తున్నానన్న తృప్తిలో దాగిన గర్వాన్ని గుర్తించడం, అది ఉన్నవారికే అన్నింటికన్న కష్టం. శిష్యుల పాదాలు కడిగిన గురువు కథను ప్రతి సంవత్సరం చదివేవారికి కూడా అది కష్టమే.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ కథీడ్రల్‌లో అజరయ్య డోర్నకల్ బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘ చరిత్రలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడాయన. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ ఆయన పక్షాన గట్టిగా నిలబడ్డారు. భారతీయుని అధికారం కింద పనిచేయడం ఇష్టంలేని పరదేశీయులు అడ్డుచెప్పారు. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. పట్టా లేని విద్యార్థికి దక్కిన గౌరవమది. ఆ దశకం ఆరంభంలోనే కృష్ణా జిల్లా సంఘాలు కూడా డోర్నకల్ డయాసిస్‌లో చేరాయి. మచిలీపట్నం, బెజవాడల ఇంగ్లీషు మిషనరీలు ఇప్పుడు ఆయన ఆజ్ఞలకు లోబడవలసినవారయ్యారు.

మనిషికి అసలైన పరీక్ష ఇక్కడ మొదలవుతుంది. అవమానం పొందినవాడు అధికారం పొందితే ఏం చేస్తాడు? అజరయ్య మెతకమనిషి కారు. క్రమశిక్షణ విషయంలో కఠినంగా ఉండేవారు. అధికారాన్ని వదులుకోలేదు, దానిని కక్ష తీర్చుకోవడానికి వాడుకోనూ లేదు. ఎడ్లబండిపై, కాలినడకన పల్లె పల్లె తిరిగారు. బాప్తిస్మం పొందేవారు తమ తలపై తామే చేయి వేసుకొని, సువార్త ప్రకటించడం తమ విధి అని పలకాలనే ఆచారం నెలకొల్పారు. నిన్నటి వరకు ఊరి బావి దగ్గర నిలవనివ్వని కూలీ, ఇతరులకు ఇవ్వదగినది తనవద్ద కూడా ఉందని తెలుసుకొన్నాడు. వంట వండేటప్పుడు పిడికెడు బియ్యం దేవునికని తీసిపెట్టడం, పంటకాలంలో తొలిఫలాలు తెచ్చి అర్పించడం పేదలకు అలవాటు చేశారు. ముష్టి పుచ్చుకోవడం వినయం కాదని ఆయన నమ్మకం.

చర్చిలోకి అడుగుపెట్టగానే కులగర్వం చెప్పులతోపాటు బయటే ఆగిపోలేదు. మాల, మాదిగ విశ్వాసులు ఒకరి సరసన ఒకరు కూర్చోవడానికే వెనుకాడిన ఊళ్ళున్నాయి. అందరూ కలిసి ఆరాధించాలని, ఒకే పాత్రలోని ద్రాక్షారసం పుచ్చుకోవాలని ఆయన పట్టుబట్టారు. అన్నిచోట్లా గెలిచారని చెప్పలేము. ఆ పని నేటికీ పూర్తికాలేదన్నది కూడా దాచవలసిన సంగతి కాదు.

చర్చిల మధ్య గర్వం మరొకటి. ఎవరి మిషను వారిదే గొప్ప. 1919లో తరంగంబాడిలో జరిగిన గురువుల సమావేశం సంఘాల ఐక్యతకు పిలుపునిచ్చింది. ఆ ప్రయత్నంలో అజరయ్య చివరిదాకా ముందునిలిచారు. రాజకీయాలలో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నారు. మతాంతరీకరణపై గాంధీజీతో విభేదించినా తన నమ్మకాన్ని వదులుకోలేదు. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ కథీడ్రల్‌లో గుమ్మటాలు, మినార్లు, పద్మాలు చెక్కిన స్తంభాలు కనిపిస్తాయి. ఇంగ్లండు చర్చికి నకలు నిర్మించాలన్న కోరిక ఆయనకు లేదు.

1945 జనవరి 1న డోర్నకల్‌లో అజరయ్య మరణించారు. అప్పటికి ఆ డయాసిస్‌లో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. ఆయన కలగన్న ఐక్యత 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘంగా రూపుదాల్చింది. కృష్ణా డెల్టాలోని పాత ఇంగ్లీషు మిషను చర్చిలు ఆనాటి నుంచి ఆ సంఘంలో భాగమయ్యాయి.