ధాత కరవునందు క్లౌ దొరగారి విశ్వాసము

తెలుగుదేశపు క్రైస్తవ సంఘ చరిత్రము నెరిగినవారిలో క్లౌ దొరగారి పేరు విననివారు అరుదు. అయితే ఆ పేరు చెప్పగానే పలువురు ఒక్క దినమున జరిగిన 2,222 బాప్తిస్మములను మాత్రమే తలంతురు. ఆ దినములకు ముందు పదునైదు నెలలు ఆయన తనయొద్దకు వచ్చినవారికి బాప్తిస్మమియ్యక నిలిపియుంచిరను సంగతి అంతగా ప్రసిద్ధము కాలేదు. ఆయన విశ్వాసపు లోతు ఆ పదునైదు నెలలయందే కానవచ్చునని మేము తలంచుచున్నాము. కావున ఆ వృత్తాంతమును మా విద్యార్థులకొరకు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

జాన్ ఎవరెట్ క్లౌ గారు 1836వ సంవత్సరము జూలై 16వ తేదీన అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జన్మించిరి. యౌవనమున భూములు కొలుచు సర్వేయరు పని నేర్చిరి. ఆ విద్య ఒకనాడు వేలమందికి కూడు పెట్టగలదని అప్పుడెవ్వరును ఊహింపలేదు. నెల్లూరి మిషను ఫలింపలేదు గనుక దానిని మూసివేయుదమని అచటి పెద్దలు 1862లో ఆలోచింపగా, జ్యూయెట్ దొరగారు అందుకు సమ్మతింపరైరి. ఆయనతోకూడ క్లౌ దంపతులు 1864లో ఓడయెక్కి, మరుసటి సంవత్సరము మద్రాసు చేరి, 1866 సెప్టెంబరులో ఒంగోలున కాపురముండిరి. 1867 జనవరి 1వ తేదీన అచట ఎనిమిదిమందితో సంఘము ఏర్పడెను.

కొలదికాలములోనే మొదటి శోధన వచ్చెను. తోళ్లపని చేయు మాదిగ కుటుంబములవారు ప్రభువును వెదకుచు రాసాగిరి. వారిని చేర్చుకొన్నయెడల తాము మిషను బడి విడిచిపోవుదుమని అగ్రవర్ణముల పిల్లలు తెలియజేసిరి. క్లౌ దంపతులు వేర్వేరు గదులలో ప్రార్థించి, వేదపుస్తకము తెరువగా, కొరింథీయులకు వ్రాయబడిన మొదటి పత్రికలోని ఒకే భాగము ఇరువురి కన్నులకును కనబడెను. లోకము నీచముగా నెంచినవారినే దేవుడు ఏర్పరచుకొనునని బోధించు భాగమది. బడి పోయినను సరియేయని వారు బీదలకు తలుపు తెరచిరి.

తరువాత 1876లో వానలు కురియలేదు. ధాత కరవని మన పెద్దలు చెప్పుకొను ఆ కాటకము 1878 వరకు దక్షిణదేశమును పీడించెను. చెరువులు ఎండెను, పసరములు చచ్చెను, ఆకలికి తోడు కలరా చెలరేగెను. జనులు ఆకులలములు తిని దారులవెంట కూలుచుండిరి. అప్పుడు దొరతనమువారు మద్రాసు గవర్నరగు బకింగుహామ్ ప్రభువు పేరిట పిలువబడు కాలువను త్రవ్వించుచుండగా, క్లౌ దొరగారు దానిలో మూడు మైళ్లకు పైబడిన భాగమును గుత్తకు తీసికొనిరి. కొలతలన్నియు తామే చూచుకొని, తమ బోధకులను పనివారిపై పెద్దలుగా నియమించిరి. చేసిన పనికి కూలి దొరకెను. క్రైస్తవుడైనను కాకపోయినను పారపట్టిన ప్రతివానికిని పని కలదు. విశ్రాంతివేళ బోధకులు పనివారిమధ్య కూర్చుండి, ప్రయాసపడువారికి విశ్రాంతినిచ్చు ప్రభువునుగూర్చి చెప్పుచుండిరి.

అట్లు విన్నవారు వేలకొలది బాప్తిస్మము కోరిరి. ఇచటనే ఆయనకు గొప్ప శోధన కలిగెను. ఇచ్చినయెడల, గంజికొరకు మతము పుచ్చుకొనిరను నింద వచ్చును. అంతకంటె, తిండికొరకు వచ్చినవాడెవడో ప్రభువుకొరకు వచ్చినవాడెవడో తెలియకపోవును. ఇయ్యనియెడల, రేపటికి బ్రదుకుదురో లేదో తెలియని జనులను నిరాశపరచినట్లగును. ఆయన ఆలోచించి, అన్నమును ఆపలేదు, బాప్తిస్మమును ఆపిరి. అన్నము షరతులేకయే పెట్టవలెను, విశ్వాసము వెలలేకయే కలుగవలెను అనునదే ఆయన నడవడివలన మనము గ్రహింపదగిన నీతి.

1878 జూన్ నాటికి కరవు తగ్గుముఖము పట్టెను. ఇక పంచుటకు ధనము లేదని ఆయన స్పష్టముగా తెలియజేసిరి. అయినను జనులు ఒంగోలునకు ఉత్తరముగా గుండ్లకమ్మ యొడ్డున నున్న వెల్లంపల్లికి తండోపతండములుగా వచ్చిరి. తమకు ధనము వలదనియు, బాప్తిస్మమే కావలెననియు వేడుకొనిరి. తడవులేకుండ విచారించి, జూలై 2వ తేదీన 614 మందికి, 3వ తేదీన 2,222 మందికి, 4వ తేదీన 700 మందికి, మొత్తము 3,536 మందికి ఆ నదిలో బాప్తిస్మమిచ్చిరి. 3వ తేదీన నీటిలో దిగి ఆ పని చేసినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఒకేసారి ఇరువురు చొప్పున, అలసినవారి స్థానమున మరియొకరు నిలుచుచు, క్రమముగా జరిపించిరి.

క్లౌ దొరగారు 1910 నవంబరులో అమెరికాలో ప్రభువునందు నిద్రించిరి. వారి జ్ఞాపకార్థము ఒంగోలున వైద్యశాల వెలసెను.

ప్రియ విద్యార్థులారా, కష్టకాలమున దేవుని జీవితమునకు కేంద్రముగా నుంచుకొనుట యనగా చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదు. క్లౌ దొరగారు ప్రార్థించిరి, కొలగొలుసు పట్టిరి, కూలి లెక్కలు వ్రాసిరి. కాని ఆ భయములోను ఆ తొందరలోను దేవునికి చెందినదానిని దేనికొరకును బేరము పెట్టలేదు. మన యిండ్లలోను రోగము, అప్పు, పరీక్ష, ఉద్యోగము మొదలగు చింతలు కలవు. చింత కలిగినప్పుడే మనుష్యుడు తన విశ్వాసమును చవుకగా అమ్ముకొనును. అట్టివేళ పొరుగువాని ఆకలి తీర్చుటకు ఆలస్యము చేయకుడి. మీ మనస్సాక్షిని అమ్ముటకు తొందరపడకుడి. పిల్లలును తల్లిదండ్రులును ఈ రెంటిని నేర్చుకొందురుగాక యని మా ప్రార్థన.